కొత్తగా కొన్న మొక్కల్లో వైరస్ ఉందేమోనని అనుమానం, ఎలా తేల్చుకోవాలి?

చిగురుబాట

అందరికీ నమస్కారం. ఈమధ్య నర్సరీ నుంచి రెండు మొక్కలు తెచ్చాను. ఒకటి లేత పసుపు ఆకుల హోస్టా (ఆకుల అందం కోసం పెంచే మొక్క), ఇంకోటి ఎర్ర పూల మెట్టతామర. రెండూ కుండీల్లోనే ఉన్నాయి, ఇంకా నేలలో పెట్టలేదు.

హోస్టా ఆకుల మీద ఈనెల వెంబడి ముదురాకుపచ్చ రంగు పాకి ఉంది. నాసిరకం కాగితం మీద సిరా ఊరినట్టు, ఈనె దగ్గర చిక్కగా, పక్కకి పోయేకొద్దీ చెదురుగా. వేలితో తడిమితే ఆ పచ్చ ఉన్నచోట ఆకు కాస్త లోపలికి దిగి పలచబడినట్టు తెలుస్తోంది. అన్ని ఆకులకీ లేదు, నడిమి ఆకులు కొన్నింటికే. మెట్టతామరకి మధ్య ఈనె నుంచి అంచు దాకా, పక్క ఈనెల దారిలోనే పసుపు గీతలు పడ్డాయి. ముదురు ఆకుల్లో ఆ గీతలు గోధుమరంగుకి తిరిగి ఎండిపోతున్నాయి.

నర్సరీలో అడిగితే హోస్టా కొత్త రకమని, మెట్టతామరకి ఎరువు చాలలేదని చెప్పారు. నాకు మనసొప్పడం లేదు. వైరస్ అయితే మందేమైనా ఉందా? ఇంట్లోనే పరీక్ష చేసుకునే వీలుందా? పక్కనే ఎన్నాళ్లుగానో పెంచుకుంటున్న హోస్టాలున్నాయి, నా టెన్షనంతా వాటి గురించే.

పందిరిమల్లె

మెట్టతామర తిండిపోతు మొక్క అండీ. కుండీలో ఎక్కువ రోజులుంటే పసుపెక్కడం మామూలే. ముందు సూక్ష్మపోషకాల మిశ్రమం ఒకసారి పిచికారీ చేసి, రెండు మూడు కొత్త ఆకులు వచ్చేదాకా చూడండి. పసుపు కనపడగానే వైరస్ అనేసుకుంటే ఏ తోటలోనూ మొక్క మిగలదు.

ఆకుపరీక్ష

పందిరిమల్లె గారూ, మీరన్నది కొట్టిపారేసే మాట కాదు. నేను మొక్కల తెగుళ్ల ల్యాబ్‌లో పనిచేస్తాను. వైరస్ అని మా దగ్గరికి వచ్చే ఆకుల్లో పోషక లోపాలు, నల్లి దెబ్బ తిన్నవి, కలుపుమందు తగిలినవి బోలెడుంటాయి. అయితే ఆ తేడా చాలావరకు కంటితోనే పట్టుకోవచ్చు.

ఇనుము లోపమైతే లేత ఆకులు ముందు పాలిపోతాయి, ఈనెలు మాత్రం పచ్చగా నిలుస్తాయి. మెగ్నీషియం లోపమైతే కింది ఆకుల నుంచి మొదలవుతుంది. రెండింట్లోనూ మధ్య ఈనెకి ఇటువైపు ఎలా ఉంటే అటువైపూ దాదాపు అలాగే ఉంటుంది, ఒకే వయసు ఆకులన్నీ ఒకే తీరుగా కనిపిస్తాయి. వైరస్‌కి ఆ వరస ఉండదు. ఆకులో ఒక సగం శుభ్రంగా ఉండి రెండో సగమంతా మచ్చలు పడొచ్చు. ఒక ఆకుకి ఉండి దాని పక్క ఆకుకి లేకపోవచ్చు. చిగురుబాట గారు నడిమి ఆకులు కొన్నింటికే ఉందన్నారు చూడండి, నన్ను ఆపింది ఆ మాటే.

2,4-డి లాంటి కలుపుమందు గాలికి కొట్టుకొచ్చినా వైరస్‌లాగే కనిపిస్తుంది. కొత్త ఆకులు సన్నగా పీలికల్లా, ఈనెలన్నీ దగ్గరకి లాగేసినట్టు వస్తాయి. కానీ అప్పుడు పక్కనున్న వేరే జాతి మొక్కలకీ అదే దెబ్బ ఉంటుంది, ఆ తర్వాత వచ్చే ఆకులు మెల్లగా కోలుకుంటాయి. వైరస్ పట్టిన మొక్కలో ఒక ఆకు బాగా వచ్చినా తర్వాతి దానిలో మళ్లీ బయటపడుతుంది.

ఇక ఆ హోస్టా. మీరు రాసింది చదవగానే నాకు తట్టింది హోస్టా వైరస్ ఎక్స్. 1996లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో బెన్ లాక్‌హార్ట్ దీన్ని మొదట గుర్తించారు. అప్పటికి ఇది ఎన్ని తోటల్లోకి వెళ్లిపోయిందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే వైరస్ వేసిన రంగుల్ని చూసి కొత్త రకాలు పుట్టాయనుకుని పేర్లు పెట్టి అమ్మారు. 'బ్రేక్‌డాన్స్', 'లెపర్డ్ ఫ్రాగ్', 'లూనసీ' అలా అమ్ముడుపోయినవే. ఈనెల వెంట రంగు పాకడం, ఆ రంగు ఉన్నచోట ఆకు మందం మారడం, ఈ రెండూ కలిసి ఉంటే నేనైతే ఆ మొక్కని వెంటనే వేరు చేస్తాను. 'కొత్త రకం' అన్న మాట మీద నమ్మకం పెట్టుకోవద్దు.

మందు లేదండీ. వైరస్ మొక్క కణంలోపలే, ఆ కణం సరంజామాతోనే తనని తాను పెంచుకుంటుంది. పిచికారీ చేసే మందేదీ దాన్ని అక్కడినుంచి బయటికి లాగలేదు. ఎవరైనా వైరస్‌కి మందని అమ్మితే అది పురుగుమందో పోషకమో అయి ఉంటుంది.

నీడతోట

నాకో సందేహం. నా దగ్గర ఉన్నవన్నీ చారల ఆకులు, రెండు రంగుల ఆకులే. అవి ఇష్టమనే కొన్నాను. వీటిలో ఏది పుట్టుకతో వచ్చిన రంగు, ఏది వైరస్ వేసింది అని ఎలా చెప్పడం? ఇది చదివిన దగ్గర్నుంచి ప్రతి కుండీ ముందూ ఆగి చూస్తున్నాను.

ఆకుపరీక్ష

చాలా మంచి ప్రశ్న. పుట్టుకతో వచ్చే రెండు రంగులు సాధారణంగా చిగురు కొనలో ఉండే కణాల పొరల తేడా వల్ల వస్తాయి. ఒక పొరలో పచ్చదనం ఉంటుంది, ఇంకో పొరలో ఉండదు. అందుకే రంగుల మధ్య గీత స్పష్టంగా ఉంటుంది, తెల్ల అంచు రకమైతే ఆకు ఆకుకీ తెల్ల అంచే వస్తుంది. ఆ అంచు దగ్గరా నడిమి భాగం దగ్గరా ఆకు నునుపులో పెద్ద తేడా ఉండదు.

వైరస్ గీత ఈనెనే పట్టుకుని నడుస్తుంది, అంచులు కలగాపులగంగా ఉంటాయి. ఆకుని వెలుతురుకి అడ్డంగా పట్టుకుని వెనకనుంచి చూడండి. ఉబ్బెత్తులు, గుంటలు, పచ్చ ద్వీపాలు అప్పుడు బాగా తెలుస్తాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో చూస్తే లేత మచ్చలు కనపడవు. మీ నీడ ఆకు మీద పడేలా నిలబడి చూడండి.

దీనికి మినహాయింపులున్నాయి. అబుటిలాన్ 'థాంప్సోనీ' అనే పసుపు మచ్చల మొక్కని తరతరాలుగా అందం కోసమే పెంచుతున్నారు, ఆ మచ్చలన్నీ అబుటిలాన్ మొజాయిక్ వైరస్ పనే. రెండు రంగుల చారలతో ఒకప్పుడు ఐరోపాలో వెర్రిగా కొన్న ట్యులిప్ పూల వెనక ఉన్నదీ వైరసే. అది అంటుకునే జబ్బని 1928లో డొరొతీ కేలీ చూపించారు. ఇంకా వెనక్కి వెళ్తే, క్రీ.శ. 752లో జపాన్ మహారాణి కోకెన్ రాసిన ఒక పద్యంలో వేసవిలోనే పసుపెక్కిన మొక్క ప్రస్తావన ఉంది. అది యుపటోరియం మొక్కకి వచ్చే వైరస్ జబ్బేనని 2003లో పరిశోధకులు తేల్చారు. అందంగా ఉంది కాబట్టి జబ్బు కాదనుకోవడానికి లేదన్నమాట.

అంటుకత్తి

నర్సరీ వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. నేను మొక్కలు పెంచి అమ్మే పనిలో ఉన్నాను.

విత్తనంతో పెంచే మొక్కల్లో చాలా వైరస్‌లు తరువాతి తరానికి దాటవు (కొన్ని దాటుతాయి, అది వేరే సంగతి). కానీ ఏళ్ల తరబడి బతికే పూలమొక్కల్ని మేం ఎక్కువగా విత్తనంతో పెంచం. దుంప కోస్తాం, పిలక విడదీస్తాం, కొమ్మ నాటుతాం, అంటు కడతాం. తల్లి మొక్కలో వైరస్ ఉంటే దాన్నుంచి తీసిన ప్రతి పిల్లలోనూ ఉన్నట్టే. పైగా ఒకే కత్తితో వరసగా కోసుకుంటూ పోతే తల్లిలో లేనిది కూడా కత్తి మీదుగా వచ్చి చేరుతుంది. ఒక మొక్కలో తప్పు జరిగితే లాట్ మొత్తంలో కనిపించేది అందుకే. కాబట్టి కొనేటప్పుడు మీకు నచ్చిన ఒక్క కుండీని చూసి వచ్చేయకండి. అదే రకం వరస మొత్తం చూడండి. వరసలో నాలుగైదింటికి గీతలుంటే, మీరు ఎంచుకున్నది ఎంత నిగనిగలాడుతున్నా వద్దు.

'టిష్యూ కల్చర్ మొక్క' అని రాసి ఉంటే వైరస్ లేదని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. మొగ్గ ముక్కని సీసాలో పెంచితే ఆ ముక్కలో ఉన్న వైరస్ కూడా వేల పిల్లల్లోకి వెళ్తుంది. వైరస్ వదలాలంటే చిగురు చివర, అర మిల్లీమీటరు కన్నా చిన్న ముక్కని సూక్ష్మదర్శిని కింద కోసి తీయాలి. అక్కడికి నాళాలు ఇంకా చేరి ఉండవు కాబట్టి వైరస్ వెనకబడి ఉంటుంది. ఫ్రాన్స్‌లో మొరెల్, మార్టిన్ 1952లో జబ్బుపడ్డ డాలియాల నుంచి ఈ పద్ధతిలోనే శుభ్రమైన మొక్కలు తీశారు. అలా తీశాక కూడా ప్రతి పిల్లనీ పరీక్షించి చూసుకోవాల్సిందే, అన్నీ శుభ్రంగా రావు.

అందుకని అమ్మేవాళ్లని 'ఇది ఆరోగ్యంగా ఉందా' అని అడక్కండి, ఎవరైనా ఉందనే అంటారు. 'తల్లి మొక్కకి ఏ వైరస్‌లకి పరీక్ష చేయించారు, ఎప్పుడు చేయించారు' అని అడగండి. సరైన జవాబు వచ్చే చోట కొనండి. మేం పరీక్షలకి ఖర్చు పెట్టాలంటే అడిగే కొనుగోలుదారు ఉండాలి, మనస్ఫూర్తిగా చెప్తున్నాను.

ఇంకోటి, బాగా వేడి ఉన్న రోజుల్లో చాలా వైరస్ లక్షణాలు మరుగున పడతాయి. అప్పుడు శుభ్రంగా కనిపించిన మొక్క చల్లబడ్డాక వచ్చే చిగురులో మచ్చలు చూపిస్తుంది. అందులో అమ్మినవాళ్ల మోసం ఉండకపోవచ్చు, వాళ్లకీ కనపడి ఉండదు.

చిగురుబాట

అంటుకత్తి గారూ, ఆకుపరీక్ష గారూ, చాలా థాంక్స్. రెండు కుండీలనీ మిగతా తోటకి దూరంగా, విడి పళ్లేల్లో పెట్టేశాను. వాటికి నీళ్లు ఆఖర్లో పోస్తున్నాను. హోస్టా వైరస్ ఎక్స్‌కి ఇంట్లోనే చేసుకునే పరీక్ష స్ట్రిప్‌లు దొరుకుతాయని తెలిసి తెప్పించాను. ఎలా చేయాలో, ఎక్కడ పొరపాటు జరిగే అవకాశం ఉందో చెప్తారా?

ఆకుపరీక్ష

స్ట్రిప్ పనిచేసే తీరు తెలిస్తే పొరపాట్లు వాటంతటవే తగ్గుతాయి, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

వైరస్ అంటే ఒక జన్యు పదార్థపు పోగు, దాని చుట్టూ ప్రొటీన్ తొడుగు. స్ట్రిప్‌లో ఆ తొడుగుని పట్టుకునే యాంటీబాడీలుంటాయి. ఆకు రసం స్ట్రిప్ వెంట పైకి పాకుతూ పోతుంది. ఆ వైరస్ ఉంటే పరీక్ష గీత దగ్గర చిక్కి రంగు వస్తుంది. దాని పైన ఇంకో గీత ఉంటుంది, అది కంట్రోల్ గీత. వైరస్ ఉన్నా లేకపోయినా అది రావాలి. అది రాలేదంటే స్ట్రిప్ పాడైందనో, రసం సరిగా పాకలేదనో అర్థం, ఆ ఫలితాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

కిట్‌లో లోపల వలగుడ్డ ఉన్న సంచీ, అందులో ద్రావణం వస్తాయి. అనుమానం ఉన్న ఆకు నుంచి, రంగు పాకిన భాగం కలిసేలా, సుమారు అంగుళం చదరం ముక్క తీసి రెండు పొరల వలగుడ్డ మధ్య పెట్టండి. సంచీ బయటినుంచి పెన్ను మూతలాంటి మొద్దు వస్తువుతో నలపండి. ద్రావణం ఆకుపచ్చగా మారాలి. నీళ్లలాగే ఉందంటే మీరు నలిపింది చాలలేదు. తర్వాత స్ట్రిప్ కొసని అందులో నిలబెట్టండి, దాని మీద గీసి ఉన్న హద్దు దాటి ముంచొద్దు. బాగా ఉన్న వైరస్ కొద్ది నిమిషాల్లోనే గీత చూపిస్తుంది, తక్కువున్నది అరగంట తీసుకుంటుంది. ఎంతసేపటిలోగా చదవాలో కిట్ కాగితంలో రాసి ఉంటుంది, ఆ వేళ దాటాక వచ్చిన గీతని నమ్మొద్దు. ఆ వేళలోపు వచ్చిన గీత ఎంత పల్చగా ఉన్నా అది గీతే.

చేతికి గ్లోవ్స్ వేసుకోండి. మొక్క మారినప్పుడల్లా గ్లోవ్స్, బ్లేడు మార్చండి. రెండో హోస్టా ఆకు తీసేటప్పుడు మొదటిదాని రసం అంటితే శుభ్రమైన మొక్కకి ఉన్నట్టు చూపిస్తుంది, అంతకన్నా ఘోరం, నిజంగానే అంటుకుంటుంది కూడా.

నెగటివ్ వస్తే? ఇక్కడే అందరూ ఊపిరి పీల్చుకుని మొక్కని నేలలో పెట్టేస్తారు. వైరస్ మొక్కంతా సమానంగా పరుచుకుని ఉండదు. కొత్తగా అంటుకున్న హోస్టాలో అది ఆకుల దాకా చేరడానికి నెలలు పడుతుంది, బయటికి కనపడటానికి ఏళ్లు పట్టినా పట్టొచ్చు. అందుకని కొన్న వెంటనే వచ్చిన నెగటివ్ అంటే, ఈ ఆకులో, ఈ రోజు, ఈ ఒక్క వైరస్ పట్టుబడలేదని మాత్రమే. వచ్చే కాలంలో కొత్త ఆకులు పూర్తిగా విచ్చుకున్నాక మళ్లీ చేయండి. ఆకులు ఎండిపోయి నిద్రలోకి వెళ్లే వేళలో చేసిన పరీక్షకి విలువ తక్కువ.

చిగురుబాట

మరి మెట్టతామరకి?

ఆకుపరీక్ష

దానికి కొంచెం చిక్కుంది. మెట్టతామరలో పసుపు గీతలకి కారణమయ్యే వైరస్‌లు ఒకటి కన్నా ఎక్కువ. బీన్ ఎల్లో మొజాయిక్, 'కన్నా ఎల్లో స్ట్రీక్' (కన్నా అంటే మెట్టతామర ఇంగ్లిష్ పేరే) అనేవి పోటీవైరస్ కుటుంబానివి. ఆ కుటుంబం మొత్తాన్నీ కలిపి పట్టే ఎలైసా పరీక్ష ఉంది, అదీ స్ట్రిప్‌లాగే యాంటీబాడీలతో చేసేదే. కన్నా ఎల్లో మాటిల్ వైరస్ దీనికి పూర్తిగా వేరు, అది డీఎన్ఏ ఉన్న బాడ్నావైరస్, దానికి డీఎన్ఏని వెతికే పీసీఆర్ పరీక్ష చేయాలి. కంటితో చూసి ఇది ఫలానా అని నేను చెప్పలేను, తరచుగా ఒకే మొక్కలో రెండూ ఉంటాయి. ల్యాబ్‌కి పంపండి. లేత ఆకు ఒకటి, గీతలు బాగా ఉన్న ఆకు ఒకటి పొడి టిష్యూ కాగితంలో చుట్టి జిప్ కవర్లో పెట్టండి. తడి కాగితం వద్దు, దారిలోనే కుళ్లిపోతుంది. అనుమానం ఏమిటో, ఏ వైరస్‌లకి చూడాలో చీటీ మీద రాయండి. ఉత్త 'వైరస్ టెస్ట్' అని పంపితే ఏది చేయాలో వాళ్లకీ తెలియదు.

దుంపలబుట్ట

దీనికి సంబంధించినదే నాదో సమస్య. నా డాలియాకి పీసీఆర్‌లో డాలియా మొజాయిక్ లాంటిది పాజిటివ్ అని రిపోర్టు వచ్చింది. మొక్క చూస్తే మచ్చ లేదు, పూలు కూడా పెద్దగా వస్తున్నాయి. తీసేయమంటారా?

ఆకుపరీక్ష

ఆగండి, తొందరపడొద్దు! డాలియాల్లో ఒక విచిత్రం ఉంది. డాలియా మొజాయిక్ వైరస్‌కి చుట్టమైన ఒక వైరస్ తాలూకు డీఎన్ఏ ఎప్పుడో డాలియా సొంత క్రోమోజోముల్లోకే చేరిపోయింది. అది అడవి డాలియాల్లో కూడా కనిపిస్తుంది. పీసీఆర్ డీఎన్ఏని చూస్తుంది, అంతేగాని ఆ డీఎన్ఏ వైరస్ రేణువుల్లో ఉందా, మొక్క జన్యువుల్లో ఉందా అని విడిగా చెప్పదు. ఏ డీఎన్ఏ వరసక్రమానికి పరీక్ష చేశారో ల్యాబ్‌ని అడగండి. క్రోమోజోముల్లో ఉండే ఆ రకమైతే ఆ పాజిటివ్ ఒక్కటే పట్టుకుని మంచి దుంపని పారేయకూడదు. ఆకుల్లో ఈనెల వెంట పసుపు, మొక్క గిడసబారడం లాంటివి కూడా ఉంటే అప్పుడు వేరే లెక్క.

హేమంతం

నాది దీనికి తలకిందుల కథ. కొత్తగా తెచ్చిన చామంతులు పాతవాటిలో సగం ఎత్తు కూడా రాలేదు. పూలు చిన్నవి, రంగు వెలిసినట్టు ఉన్నాయి, మిగతావాటికన్నా ముందే పూశాయి. ఆకులు పాలిపోయాయి గానీ మచ్చలేం లేవు. మొజాయిక్‌కీ, టొమాటో స్పాటెడ్ విల్ట్‌కీ ఎలైసా చేయిస్తే అన్నీ నెగటివ్. ఎరువు, నీళ్లు అన్నిటికీ ఒకటే.

ఆకుపరీక్ష

హేమంతం గారూ, చామంతి స్టంట్ వైరాయిడ్‌కి చేయించారా? మీరు చెప్పినవన్నీ దానికి సరిపోతున్నాయి. వైరాయిడ్ వైరస్ కన్నా చిన్నది. దానికి ప్రొటీన్ తొడుగే ఉండదు, ఉత్త ఆర్ఎన్ఏ ఉంగరం మాత్రమే. పైన స్ట్రిప్ గురించి రాశాను కదా, తొడుగుని పట్టుకుంటుందని. ఎలైసా కూడా అంతే. తొడుగే లేనిదాన్ని ఆ రెండూ ఎన్నిసార్లు చేసినా పట్టవు. ఆర్ఎన్ఏని వెతికే ఆర్‌టీ-పీసీఆర్ చేయించాలి. ఇది పురుగుల కన్నా కత్తెరతో, చేతులతోనే బాగా పాకుతుంది, చామంతి కొసలు తుంచే అలవాటు ఉన్నవాళ్లు ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి వేళ్లతోనే అంటిస్తారు. ఫలితం వచ్చేదాకా ఆ వరసలో తుంచడం ఆపండి.

హేమంతం

అసలు ఆ పేరే వినలేదు. రేపే అడుగుతాను. తుంచడం మాత్రం ఇప్పుడే ఆపేశాను.

పందిరిమల్లె

కత్తెర అన్నారు కాబట్టి అడుగుతున్నాను. నేను స్పిరిట్‌తో తుడుస్తాను. సరిపోతుందా?

అంటుకత్తి

బాక్టీరియాకీ బూజుకీ పర్లేదు గానీ, పొగాకు మొజాయిక్ కుటుంబం వైరస్‌లకి స్పిరిట్‌ని నమ్ముకోకూడదు. అది మహా మొండిది, ఎండిన ఆకులో కూడా ఏళ్ల తరబడి బతికి ఉంటుంది. మా షెడ్‌లో వాడేది రెండు రకాలు. ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్లు, ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి, ఇనుముని తినేస్తుంది కాబట్టి తర్వాత కడిగి నూనె రాయాలి. రెండోది వెన్న తీసిన పాలపొడి 20 శాతం ద్రావణం. పాలేమిటని కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు, అందులోని ప్రొటీన్లు వైరస్‌ని చుట్టేసి అంటుకోనివ్వవు. కత్తితో పాటు చేతులు కూడా ముంచవచ్చు, అందుకే నాకు ఇదే ఎక్కువ ఇష్టం.

ఏది వాడినా ముందు కత్తెర పళ్ల మధ్య గట్టికట్టిన రసాన్ని బ్రష్‌తో, సబ్బునీళ్లతో రుద్ది తీసేయాలి. మడ్డి కింద దాక్కున్నదానికి ఏ ద్రావణమూ తగలదు. సిగరెట్, చుట్ట తాగేవాళ్లు మొక్కలు ముట్టుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పొగాకులోంచి వైరస్ వేళ్ల మీదకి వస్తుంది.

నీడతోట

చదువుతుంటే ఒకటి మాత్రం మింగుడుపడటం లేదు. పాజిటివ్ అంటే పీకి పారేయాలనే అందరూ అంటారు. కొన్ని మొక్కలకి జ్ఞాపకాలుంటాయి. ఎవరో ప్రేమతో ఇచ్చినవి ఉంటాయి. విడిగా, ఒక మూల కుండీలో పెట్టుకుంటే ఏం?

ఆకుపరీక్ష

నీడతోట గారూ, మీ బాధ నాకు అర్థమవుతుంది. దీనికి అన్నిటికీ కలిపి ఒకే జవాబు ఇవ్వడం నాకిష్టం లేదు. ఆ వైరస్‌ని మోసుకెళ్లేది ఎవరో తెలుసుకోండి, మీ జవాబు అక్కడే దొరుకుతుంది.

హోస్టా వైరస్ ఎక్స్‌ని ఏ పురుగూ మోయదు. రసంతోనే, అంటే మన చేతులతో, కత్తులతో పాకుతుంది. కాబట్టి హోస్టాని విడి కుండీలో, విడి కత్తెరతో, వేరే హోస్టాలకి దూరంగా పెట్టుకుంటానంటే నేను కాదనను. ఇచ్చిపుచ్చుకోవడం మాత్రం పూర్తిగా మానేయాలి, ఒక్క పిలక కూడా ఎవరికీ ఇవ్వకూడదు. గులాబీ మొజాయిక్ కూడా ఎక్కువగా అంటు కట్టడంతోనే వెళ్తుంది, ఆ గులాబీని పెంచుకోవచ్చు, దాన్నుంచి కొమ్మ తీయకూడదు. తోటల్లో తిరిగే అబుటిలాన్ వైరస్ కూడా అంతే. ఏళ్ల తరబడి కొమ్మలతోనే పెంచడంతో తెల్లదోమ ద్వారా పాకే గుణాన్నే అది పోగొట్టుకుంది.

దోస మొజాయిక్ అయితే నేను ఒప్పుకోను. దాన్ని పేనుబంక మోస్తుంది. ముట్టిని గుచ్చిన కొద్ది సెకన్లలోనే ఎక్కించుకుని పక్క మొక్కకి దింపేస్తుంది, పురుగుమందు పనిచేసేలోపే ఆ పని అయిపోతుంది. అది పట్టే మొక్కల జాతులు 1,200 పైనే. మీ జ్ఞాపకం ఒక కుండీలో ఉన్నా, దాని పేనుబంక పక్కవాళ్ల తోటకీ వెళ్తుంది. తామర పురుగులు మోసే టొమాటో స్పాటెడ్ విల్ట్ కూడా ఇలాంటిదే. నులిపురుగులు మోసేవాటి సంగతి ఇంకోలా ఉంటుంది. పియోనీల్లో వలయాలు వేసే పొగాకు రాటిల్ వైరస్ మట్టిలోని నులిపురుగుల్లో ఉండిపోతుంది, మొక్క తీసేసినా ఆ మట్టిని ఇంకో మడికి మార్చకూడదు.

నీడతోట

ఈ పద్ధతిలో ఎవరూ చెప్పలేదండీ. ఎవరు మోస్తారో తెలిస్తే ఏం చేయాలో తెలుస్తుంది. నా దగ్గర అనుమానం ఉన్నవి హోస్టాలే కాబట్టి విడి కుండీల్లోకి మార్చి స్ట్రిప్ చేస్తాను.

చిగురుబాట

ఫలితాలు వచ్చాయి.

హోస్టాకి పరీక్ష గీత స్ట్రిప్ నిలబెట్టిన కాసేపటికే ముదురుగా వచ్చేసింది. పోల్చుకోవడానికి పాత హోస్టాల్లో ఒకదానికి కూడా చేశాను, దానికి కంట్రోల్ గీత మాత్రమే వచ్చింది. మెట్టతామర ఆకులు ల్యాబ్‌కి పంపాను. పోటీవైరస్ ఎలైసా నెగటివ్, కన్నా ఎల్లో మాటిల్‌కి పీసీఆర్ పాజిటివ్. ఎలైసా ఒక్కటే చేయించి ఉంటే ఆ కాగితం చూసి నేలలో పెట్టేసేవాణ్ణి.

రెండింటినీ తీసేస్తున్నాను. నాకు వాటితో జ్ఞాపకాలేమీ లేవు. స్ట్రిప్ ఫోటో, ల్యాబ్ రిపోర్టు నర్సరీకి పంపాను. మొదట కొత్త రకమేనని గట్టిగా అన్నారు. తర్వాత మిగిలిన లాట్‌ని అమ్మకం నుంచి తీసి పక్కన పెట్టామని కబురు చేశారు.

ఇంకో రెండు విషయాలు. కుండీల్లోని మట్టిని మళ్లీ వాడుకోవచ్చా? ఈ హోస్టా తెచ్చిన రోజే ఎండిన ఆకు ఒకటి కత్తిరించి, అదే కత్తెరతో పాత హోస్టా పూకాడ కూడా తీశాను. ఇప్పుడు దాని సంగతేమిటి?

అంటుకత్తి

లాట్ పక్కన పెట్టారంటే చాలా మంచి పని చేయించారు. ఫోటోతో, రిపోర్టుతో అడిగితే మాలాంటివాళ్లకి కాదనడానికి ఉండదు. మట్టి మాత్రం హోస్టాలకి, మెట్టతామరలకి వాడకండి. ఎంత ఏరినా సన్న వేర్లు, దుంప ముక్కలు ఉండిపోతాయి, బతికున్న ముక్కలో వైరస్ కూడా బతికే ఉంటుంది. మొక్కల్ని కంపోస్టులో వేయొద్దు, వేర్లతో సహా కవర్లో మూట కట్టి చెత్తలోకి పంపండి. కుండీలు రుద్ది కడిగి బ్లీచ్ నీళ్లలో నానబెట్టండి.

ఆకుపరీక్ష

పాత హోస్టా విషయం. అదే కత్తెర వాడారు కాబట్టి అంటి ఉండొచ్చు, తప్పకుండా అంటుతుందని మాత్రం కాదు. మీరు ఇప్పుడు చేసిన స్ట్రిప్ నెగటివ్‌తో దాన్ని శుభ్రమైనదిగా లెక్కేయకండి. ఇప్పుడే అంటుకుని ఉంటే ఆకుల్లో పట్టుబడేంత ఇంకా పెరిగి ఉండదు. ఆ ఒక్క మొక్కకి గుర్తు కట్టండి. ఈ కాలమంతా దాన్ని విడదీయొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు, దాని పని ఏదైనా ఉంటే అన్నిటికన్నా ఆఖర్న చేయండి. కొత్త కాలంలో ఆకులు పూర్తిగా విచ్చుకున్నాక, వేర్వేరు పిలకల నుంచి ఒక్కో ఆకు తీసి విడివిడిగా పరీక్షించండి. స్ట్రిప్‌లు మిగుల్చుకోవాలని అన్నిటినీ ఒకే సంచీలో నలపకండి, ఒక పిలకలో కొద్దిగా ఉన్నది మిగతావాటి రసంలో పలచబడి తప్పించుకోవచ్చు. అప్పుడూ నెగటివ్ వస్తే ఆ తర్వాతి కాలంలో ఇంకొకసారి చేయండి. మధ్యలో ఏ ఆకులోనైనా ఈనెల వెంట రంగు కనిపిస్తే అప్పటిదాకా ఆగొద్దు, ఆ ఆకుతోనే చేసేయండి.